కనఁబడని త్రాసు

అంగడిలో గల్లాపెట్టెకు పైన వ్రేలాడు పలకను చదువరులందఱు చూచియే యుందురు. "ఒకసారి అమ్మిన సరకు తిరిగి తీసికొనఁబడదు" అని దానిమీఁద వ్రాసియుండును. చినిగిన చీరనో పగిలిన గిన్నెనో చేతఁబట్టుకొని వెళ్లిన యిల్లాలు ఆ పలకను చూచి, మాఱుమాట లేక యింటికి మఱలివచ్చుట మన తల్లుల కాలమునుండి జరుగుచున్నదే. ఆ పలక వర్తకుని కోరిక మాత్రమే కాని శాసనము కాదు. దోషముగల సరకును తిరిగి తీసికొని సొమ్ము చెల్లించుటకు నిరాకరించుట అన్యాయమైన వర్తకపద్ధతి యని 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము నిర్వచించినది. బిల్లులో గడువు వ్రాసియుండనిచో ముప్పది దినములు గడువని కూడ నందు గలదు. అయినను పలకలు దిగిరాలేదు. దింపుమని అడుగువారును అరుదు.

ఇట్టి పలకల నడుమకు క్రొత్త వర్తకము వచ్చినది. ఫోనులో బొమ్మ చూపి, వెల చెప్పి, "నచ్చకున్నచో త్రిప్పిపంపుఁడు, మేమే వచ్చి తీసికొనిపోదుము" అని పలుకు వర్తకమది. నంద్యాలకు రైలున్నది గాని ఆళ్లగడ్డకు లేదు. ఈ రెండూళ్ల నడుమ రమారమి నలువది కిలోమీటర్ల దారి. కర్నూలునుండి చిత్తూరు దిక్కునకు పోవు 40వ జాతీయరహదారియే వీనికి ఆధారము. పూర్వము ఆళ్లగడ్డ యిల్లాలికి మంచి చీర కావలసినచో భర్తయో కొడుకో నంద్యాలకు పోయి, తమ కంటికి నచ్చినది తెచ్చెడివారు. నేఁడు ఆమెయే యెన్నుకొనుచున్నది. 2020వ సంవత్సరమున జూన్ నెలలో ఫ్లిప్‌కార్టు, సెప్టెంబరు నెలలో అమెజాను తమ యంగళ్లను తెలుఁగున తెఱచినవి. స్త్రీ తన వస్త్రమును తానే యెన్నుకొని, నచ్చనిదానిని తానే కాదనుట చిన్న మార్పు గాదు. దీనిని నిందించుటకు నేను కలము పట్టలేదు. ఆ కాదను హక్కు ఎచట, ఎవరి కన్నుల యెదుట, ఎట్లు తూచఁబడుచున్నదో దానినే విచారింపఁదలఁచితిని.

త్రిప్పిపంపిన పొట్లము మొదట ఊరి డెలివరీ కేంద్రమునకును, అచటనుండి ఏదియో యొక పెద్దనగరపు గిడ్డంగికిని పోవును. ఏ గిడ్డంగికో పంపినవారికి తెలియదు. ఈ గిడ్డంగులు మన తాతలనాఁటి ధాన్యపుకొట్లు కావు. హైదరాబాదు చెంత మేడ్చల్‌లో 2015వ సంవత్సరమున ఫ్లిప్‌కార్టు తెఱచినది 2,20,000 చదరపుటడుగుల వైశాల్యము గలది; దినమునకు 1,20,000 వస్తువులను సాగనంపఁగల యంత్రసామగ్రి అందున్నదని ఆనాఁడు ప్రకటించిరి. 2019లో ఆ సంస్థయే బెంగుళూరున నూఱింటికి పైఁబడిన రోబోలను, అనఁగా నేలమీఁద తమంతట తాము తిరుగు యంత్రపుబంట్లను, గంటకు 4,500 పొట్లములను ఊరూరికి వేఱుపఱచుటకు నియోగించినది. అంతకు ముందే, 2012లో, అమెజాను అమెరికాలో కీవా యను సంస్థను 77.5 కోట్ల డాలర్లకు కొని, మనిషి బీరువాయొద్దకు నడచుటకు మాఱుగా బీరువాయే మనిషియొద్దకు నడచివచ్చు నేర్పాటును తన గిడ్డంగులకు తెచ్చుకొన్నది.

ఇవి ముఖ్యముగా వెళ్లు సరకునకై పుట్టినవి. తిరిగివచ్చు సరకు సంగతి వేఱు. వెళ్లు సరకు యంత్రమునకు సుపరిచితము. దాని కొలత, బరువు, బార్‌కోడు ముందే లెక్కలో నున్నవి. తిరిగివచ్చు పొట్లములలో ఒకటి విప్పనే లేదు. ఒకటి విప్పి మడిచినారు. ఒకదానికి పసుపు మరక. ఒక పెట్టెలో చార్జరు లేదు. ఒక పెట్టెలో సరకునకు బదులు ఇటుక యున్నది. కాఁబట్టి యంత్రము తాను చేయఁగలిగినంత చేసి, తక్కినది మనిషికి విడుచును. ఇట్టి గిడ్డంగులలో పొట్లము కన్వేయరు పట్టీమీఁద పోవుచుండఁగనే స్కానరు దాని చీటిని చదువును. అది ఎవరిదో, ఏ దినమున కొన్నదో తెలియును. క్రిందనుండి త్రాసు బరువు చూచును, కిరణములు పొడవు వెడల్పు ఎత్తు కొలుచును, పైనుండి కెమేరా చిత్రము తీయును. ఇదంతయు ఱెప్పపాటు పని. తరువాత బల్లయొద్ద నొక మనిషి విప్పి చూచి తరగతి నిర్ణయించును: క్రొత్తదిగనే మఱల అమ్మఁదగినదా, పెట్టె మార్చి అమ్మఁదగినదా, బాగుచేసి అమ్మఁదగినదా, గుత్తగా ఎవనికో తక్కువ వెలకు ఇచ్చివేయఁదగినదా, పాఱవేయఁదగినదా అని. మొదటి తరగతి సరకు మఱల బీరువాలకు పోవును. ఇచట యంత్రము చేయు నొక చమత్కారమును మెచ్చుకొనవలసినదే. ఒంటి చీర తిరిగివచ్చినచో దానిని తక్కిన చీరల వరుసలోనే పెట్టనక్కఱలేదు. ఏ యరలో చోటున్న ఆ యరలో, కుక్కరు ప్రక్కనైనను సరియే, పెట్టవచ్చును. ఎచట పెట్టిరో యంత్రము మఱవదు. మన యిండ్లలో ఆ జ్ఞాపకము ఎవరికున్నది?

త్రిప్పిపంపు సరకు ఒక చిల్లర సంగతి యని తలఁచుట పొరపాటు. అమెరికా దేశపు చిల్లరవర్తకుల జాతీయసమాఖ్య 2024వ సంవత్సరమునకు వేసిన అంచనాలో అమ్మకపు విలువయందు నూటికి 16.9 వంతు, అనఁగా 89,000 కోట్ల డాలర్ల సరకు, తిరిగివచ్చునని లెక్కించిరి. ఇట్టి రాశిని వట్టి చేతులతో పరీక్షింపుఁడనుట అవివేకము. యంత్రము ఉండవలసినదే.

ఇఁక అసలు సంగతి. ఆళ్లగడ్డలో నొక యిల్లాలు పండ్రెండు వందల రూపాయల చీర తెప్పించినదనుకొందము. బొమ్మలో పట్టు, చేతికి వచ్చినది పాలిస్టరు. త్రిప్పిపంపుదునని ఫోనులో నొక్కినది. మూఁడవనాఁడు బండిమీఁద పిల్లవాఁడు వచ్చెను, చీరను చూచెను, సంచిలో వేసికొనెను, తన ఫోనులో ఏదియో నొక్కెను, పోయెను. ఆమె చేతిలో మిగిలినది "తీసికొంటిమి" అను నొక సందేశము మాత్రమే. అందు చీర బరువు లేదు, చిత్రము లేదు. పది దినములకు ఇంకొక సందేశము: మీరు పంపిన వస్తువు మా పరీక్షలో సరిపోలలేదు, సొమ్ము చెల్లింపఁబడదు. ఎవరు పరీక్షించిరి? ఎచట? ఏది సరిపోలలేదు, బరువా, రంగా, చీటియా? జవాబు లేదు. ఫోను చేసినచో మొదట యంత్రము పలుకును; తరువాత పలుకు మనిషియు యంత్రము పలికిన మాటనే పలుకును. పండ్రెండు వందలు ఆమెకు ఇంటిఖర్చులో నాలుగు నెలలు కూడఁబెట్టిన సొమ్ము కావచ్చును. అంతకంటె బరువైనది వేఱొకటి యున్నది. ఆమె అబద్ధమాడినదని, ముఖము చూడనివారు, కారణము చెప్పక తీర్పు చెప్పినారు.

నిజమైన సరకు దారిలో దొంగసరకుగా మాఱుటకు ఎవరును దొంగలు కానక్కఱలేదు. ఒకే సంచిలో రెండు చీరల పొట్లములు పడి, చీటీలు తాఱుమాఱు కావచ్చును. వానకు తడిసి చీటి యూడిపోవచ్చును. నూలుబట్ట తేమను పీల్చి బరువెక్కవచ్చును. అన్నింటికంటె ముఖ్యముగ, మొదట ఆ చీరను లెక్కలోనికి ఎక్కించిన గుమాస్తాయే బరువును తప్పుగా వ్రాసియుండవచ్చును. అట్లయినచో యంత్రము ఆ తప్పుతో పోల్చి చూచి, ఒప్పుగా వచ్చిన చీరను తప్పనును. ఎంత వేగము గల యంత్రమైనను ఈ తప్పును తనంతట తాను కనిపెట్టలేదు. కనిపెట్టఁగలది చీర పంపిన యామెయే. ఆమెకే ఆ కాగితము చూపరు.

ఇందులకు సమర్థకులు చెప్పు మాట యొకటి కలదు. యంత్రమునకు పక్షపాతము లేదు, గుమాస్తా ముఖము చూచి మాటాడును గాని త్రాసు ముఖము చూడదు, అని. వినుటకు బాగున్నది. కాని త్రాసు సంగతి మన ప్రాంతమువారికి ఇంకొకరు నేర్పనక్కఱలేదు. కె.సి. కాలువ క్రింద వడ్లు పండించు ఏ కుటుంబము నడిగినను కాటా కథలు, తరుగు కథలు చెప్పును. ముల్లు ఎటు తిరిగియున్నదో, రాళ్లమీఁద ముద్ర యున్నదో లేదో చూడక తెలివిగల రైతు బస్తా నెత్తనీయఁడు. వర్తకపు తూనికలకు, కొలతలకు ప్రభుత్వపు పరీక్షయు ముద్రయు ఉండవలెనని 2009వ సంవత్సరపు తూనికల కొలతల చట్టము శాసించుచున్నది. త్రాసునందు నమ్మకము లేక చేసిన శాసనము కాదిది. త్రాసు ఒక్కని చేతిలోనే యుండుటయందు నమ్మకము లేక చేసినది. లారీని వేబ్రిడ్జిమీఁద తూచినను డ్రైవరు చేతికి చీటి వచ్చును: ఖాళీ బరువింత, సరకుతో బరువింత, గంట యింత. వడ్ల లారీకి దొరకు చీటి యిల్లాలి చీరకు ఏల దొరకరాదు?

యంత్రము నిష్పక్షపాతియే యగుఁగాక. అది చూచినదంతయు ఒక పక్షమువారి పెట్టెలోనే దాఁగియున్నప్పుడు రెండవ పక్షమునకు దానివలన మేలేమి? సాక్షిని ఒక్క వకీలే గదిలో కూర్చుండఁబెట్టి ప్రశ్నించి, తీర్పును కూడ తానే చదివివేసినట్లున్నది.

ఆళ్లగడ్డలో శిల్పులు పనిచేయు పాకలయొద్దకు పోయి చూడుఁడు. విగ్రహము చేయించుకొన్నవాఁడు ఎదుటనే నిలిచి ముక్కును, వ్రేళ్లను తడవి చూచి, లోపమున్నచో అచటనే చెప్పును. శిల్పి యొప్పుకొనును, లేదా వాదించును. అన్ని సరకులను ఇట్లే అమ్ముఁడని నేను చెప్పుట లేదు. ఇద్దఱి యెదుట చూచి తేల్చుకొనుట మనకు క్రొత్త గాదని మాత్రమే చెప్పుచున్నాను.

ఈ సంగతియందు మన పాత శాసనమే క్రొత్త యేర్పాటుకంటె ఉదారముగ నున్నది. 1930వ సంవత్సరపు సరకుల విక్రయ చట్టములోని 41వ విభాగము, పరీక్షించుటకు తగిన యవకాశము దొరకువఱకు కొన్నవాఁడు సరకును అంగీకరించినట్లు కాదని చెప్పుచున్నది. 43వ విభాగము ఇంకను ముందుకు పోయినది. నిరాకరించు హక్కుగలవాఁడు సరకును తిరిగి పంపుటకు బద్ధుఁడు కాఁడు. నిరాకరించితినని అమ్మినవానికి తెలియఁజేసినచో చాలును. వేఱు ఒడంబడిక లేనిచో, అని మాత్రము ఒక మాట యందున్నది. ఆ మాట సందునుండియే ఈ గిడ్డంగి యంతయు లోపలికి వచ్చినది. "అంగీకరించితిని" అని ఫోనులో మనము నొక్కిన బొత్తము వెనుక నున్న పొడుగాటి నిబంధనలే ఆ వేఱు ఒడంబడిక. వానిని ప్లీడర్లు కూడ తుదివఱకు చదువుదురని నేను నమ్మను.

2020వ సంవత్సరము జూలై 23వ తేదిని కేంద్రప్రభుత్వము ఈ-కామర్సు నియమములను ప్రకటించినది. దోషముగలదియు, నకిలీదియు, ప్రకటించిన లక్షణములు లేనిదియు నగు సరకును తిరిగి తీసికొననని అమ్మువాఁడు చెప్పరాదని అందు శాసించిరి. మంచిదే. కాని సొమ్ము చెల్లింపు సంగతి వచ్చునప్పటికి ఆ నియమములు అంగీకరింపఁబడిన కోరికలకు తగిన కాలములో చెల్లింపవలెనని పలికినవి. అంగీకరించువాఁడెవఁడు? సొమ్ము చేతనున్నవాఁడే. ఎన్నాళ్లలో అంగీకరింపవలెను? అది లేదు. దేనిని చూచి కాదనవచ్చును? అదియు లేదు. ద్వారబంధము నిలిపి తలుపు బిగించుట మఱచినారు.

ఈ చీఁకటిలో నలుగువారు కొన్నవారు మాత్రమే కారు. పొట్లమును మోసిన పిల్లవాఁడున్నాఁడు. ఎండలో పల్లెపల్లెకు బండి నడపు ఇట్టివారిలో పెక్కండ్రకు నెలజీతము లేదు. పొట్లమునకింత యని కూలి. గిడ్డంగిలో వస్తువు సరిపోలనిచో అనుమానపు చూపు అతనిమీఁద పడుట సులభము, అతనిచేతను చీటి లేదు. అవతలి కొసన చిన్నవర్తకుఁడున్నాఁడు. నంద్యాలలో నొక చిన్న బట్టలకొట్టు యజమాని ఈ పెద్ద యంగళ్ల ద్వారా అమ్ముచున్నాఁడనుకొనుఁడు. తాను పంపిన క్రొత్త చీరకు బదులు ఉదికిన పాత చీర తిరిగివచ్చినచో, అది ఎచట మాఱినదో అతఁడెట్లు తెలిసికొనును? కొన్నవారు అమ్మినవారిని, అమ్మినవారు కొన్నవారిని దొంగలని తిట్టుకొనుచుండఁగా, సంగతి యంతయు కెమేరాతో చూచిన నడిమివారు మౌనముగ తమ రుసుము తాము తీసికొనుచున్నారు.

మనలో మాట యొకటి. సోదరీమణులు కోపింపకుందురు గాక. పండుగకు మూఁడు కొలతల చొక్కాలు తెప్పించి రెండింటిని త్రిప్పిపంపుట నియమములు ఒప్పినదే. పెండ్లికి కట్టి, వెల చీటిని త్రెంపక లోపలికి దోపుకొని, మఱునాఁడు నచ్చలేదని పంపుట మాత్రము దొంగతనము. చదువుకొన్న యిండ్లలోను ఇది కలదు. చతురతయని చెప్పుకొని నవ్వుకొనుటయు కలదు. పిల్లలు ఆ నవ్వును వినుచున్నారు. అట్టి సరకును యంత్రము పట్టుకొనినచో నాకు సంతోషమే. కాని దొంగను పట్టుటకును సాక్ష్యమే కావలెను గదా. సాక్ష్యము చేత నున్నవారు దానిని చూపుటకు జంకవలసిన పనియేమి?

కోట్ల పొట్లములకు విడివిడిగ చీటీలిచ్చుట సాధ్యమా యని కొందఱందురు. దీనికి 2022వ సంవత్సరము ఆగస్టున వంటయింటి వస్తువొకటి జవాబు చెప్పినది. ప్రభుత్వపు నాణ్యప్రమాణములకు సరిపడని ప్రెషరుకుక్కర్లను తమ యంగళ్లలో అమ్మనిచ్చినందులకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అమెజానునకును ఫ్లిప్‌కార్టునకును లక్ష రూపాయల చొప్పున జరిమానా విధించినది. అమెజాను ద్వారా అమ్ముడైనవి 2,265. ఫ్లిప్‌కార్టు ద్వారా 598. కొన్న ప్రతివారికిని తెలియఁజేసి, కుక్కర్లను తిరిగి తీసికొని వెల చెల్లింపవలెనని ఉత్తరువు. ఆ సంస్థలు ఢిల్లీ హైకోర్టునకు ఎక్కినవి. ఆ వ్యాజ్యపు నడక ఇచట అప్రస్తుతము. నేను చూపఁదలఁచినది లెక్క పుస్తకపు నాణ్యము. ఆ 2,265 కుక్కర్లమీఁద అమెజానునకు వచ్చిన రుసుము 6,14,825 రూపాయల 41 పైసలని తేలినది. నలువదియొక్క పైసవఱకు లెక్క తెలిసినవారికి ఆళ్లగడ్డ చీర బరువు చెప్పుట కష్టమా? ఏ యింటికి ఏ కుక్కరు పోయినదో వారి యంత్రమునకు తెలియును. ప్రమాణము లేని కుక్కరు పొయ్యిమీఁద నున్నదని ఆ యింటికి చెప్పుఁడని ప్రభుత్వము ఉత్తరువు చేయవలసివచ్చినది.

కాదన్న సరకు తుదకు ఎచటికి పోవునో కూడ ఒక మాట. విప్పి చూచి మడిచి అమ్ముటకు అగు కూలి వస్తువు వెలకంటె ఎక్కువైనచో లెక్క పాఱవేయుమనును. స్కాట్లండులో డన్ఫర్మ్‌లిన్ ఊరి అమెజాను గిడ్డంగిలో వారమునకు 1,30,000 వస్తువుల వఱకు నాశనమునకు గుఱిగ పెట్టుకొన్నట్లు 2021 జూన్ నెలలో ఐటీవీ వార్తాసంస్థ బయటపెట్టినది. ఫ్రాన్సు 2020లో చట్టముచేసి, ఆహారేతరమైన అమ్ముడుపోని సరకును నాశనము చేయుటను నిషేధించినది. ఐరోపా సమాఖ్య పెద్ద సంస్థలకు దుస్తుల, పాదరక్షల విషయమున 2026 జూలై 19వ తేదిని గడువుగ నిర్ణయించినది. చినిగిన చీరలను బొంతగా కుట్టుకొను ఇండ్లు మనవి. కట్టని చీరను యంత్రము పాఱవేయుమన్నచో, ఎన్నింటిని పాఱవేసిరో అడుగుటకైనను మనకు హక్కుండవలెను.

ప్రభుత్వము కదలువఱకు ఇల్లాలు చేయఁదగినది కొంత కలదు. పొట్లమును కట్టకముందు సరకును, చీటిని, పెట్టెను తన ఫోనుతో చిత్రము తీసికొనవలెను. పిల్లవాఁడు సంచిలో వేయునప్పుడు ఇంకొకటి. నిరాకరణ వచ్చినచో సంస్థయొక్క ఫిర్యాదుల యధికారికి వ్రాయవలెను. నలువది యెనిమిది గంటలలో అందినదని చెప్పి, నెలలోపల పరిష్కరించుట ఆ నియమముల ప్రకారము అతని విధి. 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును. కమిషనునకు ఫిర్యాదును తాము నివసించు జిల్లాలోనే వేయవచ్చును, ముంబయికో బెంగుళూరుకో పోనక్కఱలేదు. అయిదు లక్షల రూపాయల లోపు వెలగల సరకునకు రుసుము లేదు. ఖాతా భర్త పేరనో కొడుకు పేరనో యున్నదని స్త్రీలు వెనుదీయరాదు. కొన్నవాని సమ్మతితో సరకును వాడువారును చట్టము దృష్టిలో వినియోగదారులే. పండ్రెండు వందల చీరకు వ్యాజ్యమా యని నవ్వువారు ఇంటిలోనే యుందురు. ఆ నవ్వును ముందుగనే లెక్కవేసికొన్న వర్తకమిది.

కావలసినది క్రొత్త చట్టము కాదు. 2020వ సంవత్సరపు నియమములకు కేంద్రప్రభుత్వము ప్రకటన ద్వారా ఒక్క నియమము చేర్చినచో చాలును. నేను దానినిట్లు వ్రాయుదును: త్రిప్పియిచ్చు సరకును తీసికొనునప్పుడు దాని బరువును, చిత్రమును, గంటను కొన్నవారి యెదుటనే నమోదుచేసి, ఆ చీటిని వారి భాషలో వారికీయవలెను, ఆ గంటనుండి సరకు బాధ్యత తీసికొన్నవారిది, గిడ్డంగి పరీక్షలో నిరాకరించినచో ఆ పరీక్ష చిత్రములను, కారణమును, నిర్ణయించిన యుద్యోగి పేరును ఏడు దినములలో తెలిపి, సరకును తిరిగి యింటికి చేర్పవలెను, అట్లు చేయనిచో ఎనిమిదవనాఁడు సొమ్ము చెల్లింపవలెను.

దీనికి బండిమీఁద వచ్చు పిల్లవానియొద్ద ఒక చిన్న వ్రేలాడు త్రాసుండవలెను. నంద్యాల వీథులలో ఉల్లిగడ్డలమ్ము బండివానియొద్ద కూడ త్రాసున్నది.